శనగగింజంత గాయం

కోటలో గుర్రాలకు మాలిషు చేసే ఎర్రన్నను నేను. ముప్పై ఏళ్ళు గుర్రాల మధ్య ఉండి నేర్చిన విద్య ఒకటే, తన్నులు తినడం. పోయిన నెల ఒక గుర్రానికి తొడ మీద జానెడు చీరుకుపోతే, కొంప మునిగిందని పశువైద్యుణ్ణి పరుగెత్తించాను. ఆయన పసుపు అద్ది వెళ్ళిపోయాడు. కోటంతా నన్ను చూసి నవ్వింది.

అందుకే ఈసారి నా మాట ఎవరూ వినలేదు. రాజుగారి గుర్రానికి వెనక కాలి కీలు మీద శనగగింజంత చిల్లు పడింది. అందులోంచి నూనెలాంటి నీరు కారుతోంది. గుర్రం కాలు నేల మోపడం లేదు.

"జానెడు గాయానికే ఏమీ కాలేదు, దీనికి వైద్యుడా?" అన్నారు శాల అధికారి రాయప్పగారు. "గుర్రం భేషుగ్గా ఉంది. రేపు రాజుగారు దీని మీదే ఊరేగుతారు."

"చిత్తం దొరా, నాది మట్టిబుర్ర," అంటూ జీను తెచ్చాను. "మరి ఎక్కండి."

"నేనెందుకురా?"

"భేషుగ్గా ఉందన్నవారే ముందు ఎక్కి కోట చుట్టూ తిరిగి రావాలి. మన శాల ఆచారం అదే కదండీ?"

రాయప్పగారు గుర్రం ఎత్తిపట్టిన ఆ కాలు చూశారు. తన బొజ్జ చూసుకున్నారు.

"ఎందుకైనా మంచిది, వైద్యుణ్ణి పిలువు."

వైద్యుడు వచ్చి చూశాడు. "కండ మీద జానెడు గాయమైనా మానుతుంది. ఇది కీలులోకి దిగింది. రేపటిదాకా ఆగితే గుర్రం కుంటిదయ్యేది," అన్నాడు. సమయానికి కనిపెట్టారని రాజుగారు రాయప్పగారికి శాలువా కప్పారు.

నాకేమీ దక్కలేదనుకోకండి. నయమైన గుర్రం ఆ కాలితోనే నన్ను తన్నింది. జానెడు గాయం. తొడ మీదే కదా అని పసుపు అద్దుకుని ఊరుకున్నాను.