ముందు చక్రాల మసి

ఆశ్రమం కారు నడిపే పైడిరాజు ఆ నెలంతా ముందు చక్రాలు తోముతూనే గడిపాడు.

ఘాట్ రోడ్డు దిగినప్పుడల్లా బ్రేకులు అరిగి రాలిన పొడి, వేడికి చక్రాలకు అంటుకుని నల్లటి మసిలా గట్టిపడుతుంది. సబ్బుకు వదల్లేదు. కిరసనాయిలుకూ వదల్లేదు. చింతపండు పెట్టి రుద్దాడు, ఇనుప పీచుతో గీకాడు. గోళ్ల సందుల్లో నెత్తురు వచ్చింది గానీ మసి పోలేదు.

ధ్యానానికి రావడం మానేశాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేవాడు.

ఒక ఉదయం గురువు సుభద్రమ్మ వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. ఎందుకింతగా తోముతున్నావని అడిగింది. పైడిరాజు తోముతూనే చెప్పాడు. పక్క ఊరి జమునకు కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే ఆ కారులోనే కిందికి తీసుకెళ్లాడు. వెనక సీట్లో తన తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది జమున. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని అక్కడెవరో అన్నారు.

“ఆ పిల్లకు కుదుపు తగలకూడదని ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కానమ్మా. ఈ మసంతా అదే,” అన్నాడు.

సుభద్రమ్మ లేచి వెళ్లి కారు వెనక సీట్లో పడుకుంది. ఆ రోజు ఎలా నడిపావో అలాగే ఆసుపత్రికి పోనివ్వమంది.

అతను ఆ దారిన మళ్లీ వెళ్లలేనన్నాడు. ఆమె అప్పటికే కళ్లు మూసుకుంది. ఇక చేసేది లేక బండి తీశాడు.

లోయ వైపు మలుపులు వచ్చాయి. జమున తల్లి తొందరగా పోనీ బాబూ అని వేడుకున్న చోటు వచ్చింది. ఆమె ఆ మాట అనడం మానేసిన చోటూ వచ్చింది. ప్రతిచోటా అప్పటిలాగే కాలు బ్రేకు మీదికి పోయింది.

ఆసుపత్రి గేటు ముందు కారు ఆపి, స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చాడు.

“నేను ఎక్కడా నెమ్మదించకుండా వచ్చుంటే ఆ పిల్ల బతికేదా, అమ్మా?”

జవాబు రాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. సుభద్రమ్మ అప్పుడే కళ్లు తెరిచి, ఎక్కడికొచ్చామా అన్నట్టు చుట్టూ చూస్తోంది. అతను మళ్లీ అడిగాడు.

“అది నాకు తెలియదు నాయనా,” అంది. “నాకు మాత్రం దారిలో నిద్ర పట్టింది.”