సూరీడిని ఇంటికి పంపిన సుంకమ్మ

ఒకప్పుడు సూరీడికి ఇంటికి పోయే వేళంటూ ఒకటి ఉండేది కాదు.

మనుషులు కొత్తగా సేద్యం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన వాళ్ళకొక మాట ఇచ్చాడు. "మీలో ఒక్కరి చేతిలో పనిముట్టు ఉన్నా సరే, మిమ్మల్ని చీకట్లో వదిలి నేను పోను. ఆఖరి మనిషి పని చాలించి కూర్చున్నాకే కుంకుతాను" అన్నాడు. మంచివాడు కాబట్టి అన్నాడు. మంచివాళ్ళు మాట ఇచ్చేముందు ఎక్కువ ఆలోచించరు.

ఎండాకాలంలో ఆ మాటతో ఏ చిక్కూ వచ్చేది కాదు. చేలల్లో పనుండదు కదా, జనం చల్లబడ్డాక చిన్నా చితకా పనులు చూసుకుని కూర్చునేవాళ్ళు. వానాకాలంలో వానే అందర్నీ ఇళ్ళలోకి తరిమేది. చిక్కంతా వానలు వెనకబట్టి, ఆకాశం కడిగిన కంచంలా తేటపడే నెలల్లోనే వచ్చేది.

అప్పుడు పంటంతా ఒక్కసారే చేతికొస్తుంది. కొర్ర కోయాలి. సజ్జ కంకులు విరవాలి. అలసంద కాయలు ఏరాలి. వానకు కరిగిన గోడలకు మట్టి మెత్తాలి. గాదె అలకాలి. గింజలు ఎండబెట్టాలి, ఎండినవి ఎత్తాలి. "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ ఎవరూ వంచిన నడుం ఎత్తేవాళ్ళు కారు.

సూరీడు పడమటి కొండమీద ఒక చెయ్యి ఆనించి, ఈ కాలు మీద కాసేపూ ఆ కాలు మీద కాసేపూ నిలబడి ఎదురుచూసేవాడు.

ఆ కొండ కింద ఒక ఊరుండేది. ఊరి చివర ఒక చిన్న ఇల్లు. ఆ ఇంట్లో సుంకమ్మ, ఆమె మొగుడు ఓబులేసు ఉండేవాళ్ళు. వాళ్ళకొక కుక్క. దాని పేరు దొర. పనీపాటా లేకుండా గడపలో కాళ్ళు చాపుకుని పడుకుంటుందని ఓబులేసే ఆ పేరు పెట్టాడు.

ఒక ఏడు వాళ్ళ చేను ఎన్నడూ లేనంతగా పండింది. ఓబులేసు కొడవలి పట్టుకుని చేలోకి దిగాడు. సుంకమ్మ వాకిట్లో కొర్ర వెన్నులు కొట్టి, చేట ఎత్తి తూర్పారబట్టడం మొదలుపెట్టింది. గింజ కింద రాలుతుంటే పొట్టు గాలికి లేచి పోయేది.

చేను ఇంటికి ఎదురుగానే, పల్లంలో ఉండేది. వాకిట్లో నిలబడితే చేలో మనిషి కనిపిస్తాడు. చేలోంచి చూస్తే వాకిట్లో లేచే పొట్టు కనిపిస్తుంది.

చాలాసేపైంది. ఊళ్ళో ఒక్కొక్కరే పని చాలించారు. వెలుతురు కళ్ళలో పడకుండా మొహం మీద గుడ్డ కప్పుకుని పడుకున్నారు. సుంకమ్మ భుజాలు లాగేస్తున్నాయి. చేట దించి కూర్చుందామనుకుని పల్లంలోకి చూసింది. ఓబులేసు వీపు ఇంకా వంగే ఉంది.

'ఆయన అంత ఎండలో కోస్తుంటే నేను నీడలో కూర్చుంటానా?' అనుకుంది. మళ్ళీ చేట ఎత్తింది.

అక్కడ ఓబులేసు నడుం పట్టుకుని నిలబడి ఇంటివైపు చూశాడు. వాకిట్లో పొట్టు లేస్తోంది. ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ వంగాడు.

అంతే. ఇక ఆ ఇద్దరూ ఆగలేదు. ఇద్దరూ ఆగలేదు కాబట్టి సూరీడూ కుంకలేదు.

పొద్దు కొండమీద అలాగే నిలబడిపోయింది. ఆవులు పాలు చేపడం మానేశాయి. కోళ్ళు గంప కింద దూరడమా, వద్దా అని తేల్చుకోలేక వాకిళ్ళలో తిరిగాయి. చంద్రుడు తూర్పున గట్టు అవతల కూర్చుని, "నన్ను రమ్మంటారా, పొమ్మంటారా?" అని అడిగి అడిగి ఊరుకున్నాడు. సూరీడి మొహం ఎర్రగా కందిపోయింది.

మధ్యలో ఓబులేసు నీళ్ళకని ఇంటికొచ్చాడు. సుంకమ్మ సంగటి పెట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఏందే ఇది? ఉప్పు రెండుసార్లు వేసినావా?"

"ఏమో. ఒకసారే వేసినట్టు గుర్తు."

"నాలుక్కి తెలీదా?"

"నీ నాలుకే చేదెక్కింది పో!"

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. మామూలుగా అయితే ఉప్పు ఎక్కువైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. "నాకోసం సముద్రం తెచ్చినావా?" అని అతను అనేవాడు. ఇప్పుడు నవ్వాలన్నా ఓపిక ఉండాలి కదా. ఓబులేసు మిగిలిన ముద్దల్ని నీళ్ళతో మింగి లేచాడు. అతను కుంటుతున్నాడని సుంకమ్మ అప్పుడు చూసింది. పాదానికి గుడ్డ చుట్టి ఉంది.

"కాలికేమైంది?"

"కొడవలి జారింది. ఏం కాలేదు. నీ పని చూసుకో."

'నా పని చూసుకోవాలంట!' అనుకుంది. కళ్ళు మండాయి. పొట్టు పడిందేమోనని తుడుచుకుంది. చేట ఎత్తింది.

ఇదంతా చూస్తూ దొర ఒక్కటే ఎటూ తేల్చుకోలేకపోయింది. ఆ కుక్కకొక గుణం ఉంది. ఇంటి మనుషులిద్దరూ ఒక్కచోట ఉంటే తప్ప దానికి నిద్ర పట్టదు. గడపలో పడుకుంటే ఓబులేసు గుర్తొచ్చేవాడు. లేచి చేలోకి పోయేది. చేని గట్టున పడుకుంటే సుంకమ్మ గుర్తొచ్చేది. మళ్ళీ ఇంటికొచ్చేది. ఇంటికీ చేనికీ, చేనికీ ఇంటికీ తిరిగి తిరిగి, చివరికి అది వాకిట్లో ఆరబోసిన కొర్రగింజల మీదే ధబేలున పడిపోయింది.

"ఛీ లే! గింజల మీదనా పడుకునేది? లేవంటుంటే!" అని సుంకమ్మ అదిలించింది.

దొర లేవలేదు. చెవి కూడా కదిలించలేదు.

చేట పక్కన పెట్టి, రెండు చేతులూ వేసి లేపబోయింది. అప్పుడు కనిపించాయి దాని పాదాలు. నాలుగూ అరిగి, ఎర్రగా ఉన్నాయి. దాని చట్టి వైపు చూసింది. అడుగున ఎండిన గంజి పెచ్చు కట్టి ఉంది. దానికి తిండి పెట్టి ఎంతసేపయిందో ఆమెకు గుర్తే లేదు.

"అయ్యో దొరా! ఎందుకురా అట్లా తిరిగినావు? నిన్నెవరు తిరగమన్నారు?"

"మిమ్మల్నెవరు పని చేయమన్నారమ్మా?" అంది దొర. అప్పట్లో కుక్కలు అవసరమైతే మాట్లాడేవి. "మీరిద్దరూ ఒకచోటికి వస్తే పడుకుందామని చూస్తున్నా. మీరు రారు."

"నన్నంటావేం? ఆయన్ని అడుగు. ఆయన ఆపితే కదా నేను ఆపేది!"

"అడిగినాను. 'వాకిట్లో పొట్టు లేస్తోంది చూడు దొరా, ఆమె ఇంకా చేట దించలేదు, నేనెట్లా కూర్చునేది?' అన్నాడు."



"ఎప్పుడన్నాడు?" అని అడిగింది సుంకమ్మ.

"నేను పోయిన ప్రతిసారీ అన్నాడు."

సుంకమ్మ పల్లంలోకి చూసింది. వంగిన వీపు అలాగే ఉంది. తలెత్తి తూర్పుకు చూసింది. గట్టు మీద నల్లగా ఒక మబ్బు లేస్తోంది. ఈ కాలపు తూర్పు మబ్బును నమ్మడానికి లేదు. వచ్చిందంటే కోయని పంటను నేలకు వేసి తొక్కుతుంది. ఇప్పుడు ఆగితే ఎంత పోతుందో ఆమెకు బాగా తెలుసు.

చేట వైపు చూసింది. దొర పాదాల వైపు చూసింది.

చేటను గోడకు బోర్లించింది. గంజి తెచ్చి చట్టిలో పోసింది. గడపలో కూర్చుని, దొర తలను ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళంతా బరువై, గోడ ఆసరా లేకపోతే అక్కడే ఒరిగిపోయేది.

పల్లంలో ఓబులేసు తలెత్తి ఇంటివైపు చూశాడు. పొట్టు లేవడం లేదు. మళ్ళీ చూశాడు. లేవడం లేదు. 'సుంకికేదో అయింది!' అనుకున్నాడు. కొడవలి అక్కడే పారేసి, కుంటుకుంటూ, పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు.

"సుంకీ! ఏమైందే? ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"మరి చేట ఏది?"

"పెట్టేసినా. కూర్చున్నా."

"కూర్చున్నావా?" అన్నాడు ఓబులేసు. ఆ మాట మొదటిసారి వింటున్నట్టు అన్నాడు. రొప్పుతూ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా కాలు చాపి, ఆమె పక్కనే కూలబడ్డాడు.

ఇప్పుడు భూమ్మీద ఎవరి చేతిలోనూ పనిముట్టు లేదు.

ముగ్గిన పండు తొడిమ ఊడినట్టు సూరీడు కొండ వెనక్కి జారిపోయాడు. "వస్తా" అని కూడా అనలేదు. గబుక్కున చీకటి పడింది. కోళ్ళు హమ్మయ్య అని గంప కింద దూరాయి. గడపలో ఒకరి మీద ఒకరు ఒరిగి సుంకమ్మా ఓబులేసూ నిద్రపోయారు. వాళ్ళిద్దరి మధ్య దూరి, ముక్కు తోకలో దాచుకుని దొర నిద్రపోయింది.

వాళ్ళు కళ్ళు తెరిచేసరికి తెల్లారుతోంది. చూరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. తూర్పు మబ్బు రానే వచ్చింది, కురవనే కురిసింది, వెళ్ళనే వెళ్ళింది. వాకిట్లో గింజలు సగం నీళ్ళలో కొట్టుకుపోయాయి. చేలో కోయని కొర్ర నేలకు పడుకుని బురదైపోయింది. పల్లానికి పైన వాళ్ళు వేసిన సజ్జ ఒక్కటే నిలబడి ఉంది.

ఇద్దరూ చేని గట్టు మీద నిలబడి చూశారు.

'నేను కూర్చోబట్టే కదా' అనుకుంది సుంకమ్మ.

"ఏడుపొస్తోందా?" అని అడిగాడు ఓబులేసు.

"వస్తే బాగుండు. దానికీ ఓపిక లేదు."

ఓబులేసుకు ఎందుకో నవ్వొచ్చింది. అతన్ని చూసి సుంకమ్మకూ వచ్చింది. పంట పోయిన చేని గట్టున నిలబడి, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. ఎన్నాళ్ళ తర్వాత నవ్వారో!

అప్పుడు సూరీడు తూర్పు గట్టు మీదికి వచ్చాడు. బాగా ఆలస్యంగా వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తల్లీ సుంకమ్మా! నిద్ర చాలలేదు, ఏమీ అనుకోకు. నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. "నేను చాలా అలసిపోయాను. మిగతా కాలాల్లో పర్వాలేదు, ఈ పంటల కాలంలో మాత్రం మీతో నా వల్ల కాదు. కానీ మాట ఇచ్చినవాణ్ణి. నాకు నేనుగా తప్పలేను. మీలో ఎవరైనా ఆ మాట వెనక్కి ఇచ్చేస్తే తప్ప నాకు దారి లేదు. అందరికంటే ఆఖరున ఆగింది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా."

ఓబులేసు అడ్డుపడ్డాడు. "అదెట్లా స్వామీ? కొర్ర పోయింది. ఇంక మాకున్నది ఆ సజ్జే. నువ్వు ముందే పోతే అది కోసేదెప్పుడు, కొట్టేదెప్పుడు? గాదె నిండకపోతే ఎండాకాలం ఏం తినాలి?"

అతని మాటలో అబద్ధమేమీ లేదు. సుంకమ్మ సజ్జ చేను వైపు చూసింది. చేయాల్సిన పనంతా ఆమె కళ్ళముందు వరసగా నిలబడింది. తర్వాత మొగుడి పాదానికి చుట్టిన గుడ్డ చూసింది. అది తడిసి, నెత్తురు బయటికొస్తోంది. గట్టు కింద దొర మెత్తటి బురదలో నిలబడి పాదాలు చల్లార్చుకుంటోంది.

"గాదె కొంచెం వెలితి పడితే పడనీలే" అంది ఓబులేసుతో. "ఉన్నదాన్లో సర్దుకుంటాం. నిన్న ఈ కుక్క పడిపోకపోతే మనిద్దరం ఈపాటికి ఏమయ్యేవాళ్ళం?"

ఓబులేసు వంగి పాదానికున్న గుడ్డ బిగించుకున్నాడు.

సుంకమ్మ సూరీడి వైపు తిరిగింది. "నీ మాట నీకు ఇచ్చేస్తున్నా స్వామీ. ఈ కాలంలో మాకోసం ఆగొద్దు. మాకు ఆపడం చేతకాదు. నువ్వే ముందు పో."

సూరీడి మొహం వెలిగింది. అంతలోనే మళ్ళీ దిగులుపడ్డాడు. "పని సగంలో ఉండగా పోతే జనం నన్ను తిడతారేమో తల్లీ?"

"తిట్టనీ. నేనూ తిడతాను. అదేం పట్టించుకోవద్దు."

ఆ సాయంత్రమే సజ్జ చేలో ఒక సాలు కోయడం పూర్తి కాకుండానే కొండ మీద వెలుగు తగ్గిపోయింది. "ఓయ్! అప్పుడేనా? కాస్త ఉంటే నీ సొమ్మేం పోయింది?" అని సుంకమ్మ నిజంగానే కేకేసింది. సూరీడు వినపడనట్టు కొండ దిగిపోయాడు. ఇక చేసేదేం లేక కొడవళ్ళు చంకన పెట్టుకుని, సన్నగా మంచు రాలుతుంటే, ఓబులేసు కుంటి నడకకు తగ్గట్టు మెల్లగా నడుస్తూ ఇంటికొచ్చారు.

అప్పటినుంచే వానలు వెనకబట్టి పంట చేతికొచ్చే ఈ కాలంలో పొద్దు తొందరగా కుంకుతోంది. కార్తీకం వచ్చిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. చేతిలో పని చేతిలో ఉండగానే చీకటి పడుతుంది. జనం విసుక్కుంటారు, సూరీడిని నాలుగు మాటలంటారు. అంటూనే కాళ్ళు కడుక్కుని ఇంట్లో వాళ్ళ పక్కన కూర్చుంటారు.