తలుపు మీది హంస

చదువురాని రోగులకు దారి తెలియాలని విజయగిరి రాజు వైద్యశాల తలుపులపై బొమ్మలు వేయించదలిచాడు. గోడలకు బొమ్మలు వేసే ఓబమ్మ మందుల గదికి, కల్వంలో మందు నూరే చేతులు గీసింది.

మంత్రి విరూపాక్షయ్య వెయ్యి తయారు బొమ్మలున్న పెట్టె తెప్పించి, అందులోంచి హంస బొమ్మ తీశాడు. "ఈమెను పంపించేయండి ప్రభూ! మందుల గదికి హంస ఉండాలి. హంస పాలనుండి నీళ్లను వేరుచేసినట్టు, మందు మనిషినుండి రోగాన్ని వేరుచేస్తుంది."

"హంస బాగుంది దొరా," అంది ఓబమ్మ. "దాని పక్కనే మంత్రిగారినీ నిలబెట్టండి. వచ్చినవాళ్లకు ఈ అర్థం చెప్పాలి కదా!"

రాజు నవ్వి, తలుపుకు హంసను పెట్టించి పక్కన మంత్రిని నిలబెట్టించాడు. అర్థం చెప్పి చెప్పి మధ్యాహ్నానికి మంత్రి గొంతు పోయింది. అప్పుడొక ముసలమ్మ, "మందెక్కడ ఇస్తారు నాయనా?" అని అడిగింది. మంత్రి గాలిలో కల్వంలో మందు నూరుతున్నట్టు చేతులతో చూపించాడు.

ఆమెకు వెంటనే అర్థమైంది. చూస్తున్న రాజు, తలుపులన్నిటికీ బొమ్మలు వేయమని ఓబమ్మకు రంగులు ఇప్పించాడు.