ఓబుళమ్మను మోసిన ఖాజావలి

ఆ తోటలో ఉన్న నలభై మందీ ఏడ్చారు. ఖాజావలికి మాత్రం కన్ను తడవలేదు.

ఏడుపంటే దుఃఖంతో కాదు, సంతోషం పట్టలేక. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు వాటేసుకున్నారు. చేతులు పట్టుకుని, "నిన్ను ఇన్నాళ్ళూ ఎందుకు కలవలేదు?" అని అడిగారు. ఖాజావలిది కదిరిలో మైకుసెట్టు. బెంగళూరు పక్కనున్న ఆ తోటలో పాటలు పెట్టడానికి స్పీకర్లు వేసుకుని వెళ్ళాడు. అక్కడి కుర్రవాళ్ళు అతనికీ ఒక మాత్ర ఇచ్చారు.

"ప్రేమ మాత్ర అన్నా. వేసుకో. లోకమంతా నీ వాళ్ళే అనిపిస్తుంది."

వేసుకున్నాడు. గంట చూశాడు. రెండు గంటలు చూశాడు. నోరు ఎండింది, దవడ కాస్త బిగిసింది, అంతే. ఎండ వాలేదాకా స్పీకరు పక్కన స్టూలు మీద, పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా కూర్చుండిపోయాడు.

సామాను సర్దుకుంటుంటే ఒక కుర్రవాడు దగ్గరికొచ్చాడు. "అన్నా, డిప్రెషన్‌కు ఏమైనా మందు వాడతావా?"

"రోజూ పొద్దున ఒకటి."

"అదీ సంగతి. అది వాడేవాళ్ళకు ఇది ఎక్కదు. అది మానేసి మూడు వారాలాగి వేసుకో." అని ఇంకో మాత్ర కాగితంలో చుట్టి అతని జేబులో పెట్టాడు.

దారి పొడవునా ఆ మాటే ఖాజావలి చెవిలో మోగింది.

రెండేళ్ళ కిందట ఖాజావలి ఏ కారణమూ లేకుండానే మంచం పట్టాడు. ఒళ్ళు బాగానే ఉంది. లేవాలనిపించేది కాదు. ఏడు నెలలు గోడకేసి తిరిగి పడుకున్నాడు. భార్య షమీమ్ అన్నం కలిపి నోట్లో పెట్టేది, తల దువ్వేది. ఆ గోడవైపు నుంచి అతన్ని ఇటు తిప్పింది డాక్టర్ అరుంధతి ఇచ్చిన మాత్రే. మళ్ళీ పనికెళ్ళాడు. మళ్ళీ ఆకలేసింది. ఆ కృతజ్ఞత అతనికి లేకపోలేదు.

కానీ లోపల ఒక అనుమానం మాత్రం పోలేదు. నెమళ్ళగుట్ట దర్గా మెట్ల దగ్గర ప్రతి గురువారం మధ్యాహ్నం ఖవ్వాలీ జరుగుతుంది. మైకు అతనిదే. పాట పైకెక్కేకొద్దీ జనం ఊగిపోతారు. కొందరికి కళ్ళ నీళ్ళు ధారగా కారతాయి. ఖాజావలి మాత్రం మైకు కీచుమనకుండా మీట మీద చెయ్యేసుకుని కూర్చుంటాడు. తోటలో జరిగింది చూశాక ఆ అనుమానం నమ్మకమైపోయింది. ఈ మందు నన్ను లేపింది సరే, నా గుండెకు తాళం కూడా వేసింది.

షమీమ్‌కు చెప్పకుండా మాత్ర మానేశాడు.

నాలుగో రోజుకు తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టయ్యేది. ఏడో రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరేశాడు. పన్నెండేళ్ళ కాపురంలో అతను కంచం విసరడం అదే మొదలు. షమీమ్ అన్నం మెతుకులు ఏరి, అలమారు తీసి, మాత్రల అట్ట చూసింది. ఒకటి, రెండు, మూడు... ఏడు మాత్రలు అలాగే ఉన్నాయి.

"నన్ను మళ్ళీ ఆ గోడ దగ్గర కూర్చోబెడతావా?" అంది.

ఆ ఒక్క మాట చాలింది. మర్నాడు పొద్దున్నే గుట్టకు బయల్దేరాడు.

దర్గా గుట్ట మీద ఉంటే, పీరయ్య బాబా కింద మొదటి మెట్టు పక్కన రేకుల కొట్టంలో ఉంటాడు. డెబ్బై దాటాయి, మోకాళ్ళు వంగవు. "పైనున్నాయన ఎప్పుడో ఒకరోజు కిందికి దిగకపోతాడా" అని నవ్వుతుంటాడు. ఖాజావలి ఆయన చేతిలో చెయ్యేసి శిష్యుడై మూడేళ్ళయింది.

బాబా చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. ఖాజావలి ఆయన ముందు కూర్చుని తోట దగ్గర్నుంచి కంచం దాకా అంతా చెప్పాడు. చివరికి జేబులోని కాగితం తీసి విప్పాడు.

బాబా వంగి చూశాడు. "ఏముంది దీంట్లో?"

"ప్రేమ, బాబా."

"ఎంతసేపుంటుంది?"

"నాలుగైదు గంటలంట."

"మేలే. మా ఆవిడకు నా మీద అంతసేపు ఎప్పుడూ నిలవలేదు."

ఖాజావలికి నవ్వు రాలేదు. "తమాషా కాదు బాబా. వాళ్ళందరికీ గుండె తెరుచుకుంది. నేను కళ్ళారా చూసినా. అబద్ధం కాదు."

"అబద్ధమని నేనన్నానా?" బాబా చిక్కుడుకాయ పక్కన పెట్టాడు. "ఇంతకీ నన్నేం చేయమంటావు?"

"నాకు దువా ఇవ్వండి. ఆ మందు లేకుండానే నిలబడేటట్టు. తాళం తీసేయండి."

బాబా చెయ్యి చాపాడు. దువాకేమో అనుకుని ఖాజావలి తల వంచాడు.

"తల కాదురా, ఫోను. డాక్టరమ్మకు కలుపు."

ఖాజావలి సిగ్గుపడుతూనే కలిపాడు. స్పీకరులో పెట్టమన్నాడు బాబా. డాక్టర్ అరుంధతి అంతా వింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"ఖాజావలీ, మెదడులో ఒక వాకిలుంటుంది. నీ మందూ అక్కడికే పోతుంది, ఆ మాత్రా అక్కడికే పోతుంది. నీ మందు వాకిట్లో ముందే కూర్చుని ఉంది. అందుకే ఆ మాత్ర లోపలికి పోలేకపోయింది. అది మందుల సంగతి. నీ గుండె సంగతి కాదు."

"మరి మానేస్తే..."

"మానేసి చూశావు కదా, ఏమైంది? ఎక్కలేదని ఒకటి మీద ఒకటి మింగి ఆసుపత్రికి వచ్చినవాళ్ళను చూశాను నేను. ఇంకో రకం మందులు వాడేవాళ్ళైతే ప్రాణానికే ముప్పు. విదేశాల్లో డాక్టర్లు ఆ మాత్రతో వైద్యం చేయొచ్చా అని పరీక్షిస్తున్నారు, నిజమే. అక్కడ కూడా పాత మందు మాన్పించాలంటే వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు, మనిషిని కనిపెట్టుకుని. నువ్వు చేసినట్టు కాదు. ఈ పొద్దుటి నుంచి మళ్ళీ వేసుకో, సోమవారం వచ్చి కనపడు. మనసు మొద్దుబారినట్టుంటే నాకు చెప్పాలి కదా! మోతాదు చూద్దాం, మందే మార్చొచ్చు. గుట్టుగా మానేయడమేంటి?"

ఫోను పెట్టేశాక బాబా కాగితం మడిచాడు. "ఇది డాక్టరమ్మకే ఇవ్వు. ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఆ రెండోది, ఆమె ఇచ్చిన మందు, ఉందా?"

ఖాజావలి మాత్రల అట్ట తీశాడు. బాబా ఒకటి ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని, పైనున్న దర్గాకేసి చూపించాడు. ఉరుసు రోజు తబర్రుక్ ప్రసాదం పంచేటప్పుడు ఎలా అందిస్తాడో అలాగే రెండు చేతులతో అందించాడు.

"బిస్మిల్లా అను. మింగు."

మింగాడు.

"తల తిరగడం తగ్గాక రా."

మూడో గురువారానికి తల కుదుటపడింది. ఈలోపే సోమవారం డాక్టరమ్మను కలిసి మోతాదు కొంచెం సవరించుకున్నాడు. షమీమ్‌కు తప్పయిందని చెప్పుకున్నాడు. ఆ గురువారం పొద్దున్నే గుట్టకొచ్చి, స్పీకర్లు దించి, బాబా ముందు కూర్చున్నాడు.

"తల బాగైంది బాబా. తాళం మాత్రం అట్లే ఉంది."

బాబా జవాబు చెప్పేలోపు ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలామె దిగింది. ఎండిన చింతబెరడులాంటి మనిషి. రెండు కళ్ళలోనూ తెల్లగా పువ్వులు పడి ఉన్నాయి. కర్రతో నేల తడుముకుంటూ, "పీరయ్యా! ఉండావా, పోతివా?" అని కేకేసింది.

"ఉండా ఓబుళమ్మా. నిన్ను సాగనంపకుండా యాడికి పోతా?"

ఓబుళమ్మ నలభై ఏళ్ళుగా ఏడాదికోసారి ఈ గుట్ట ఎక్కుతోంది. చూపు పోయినప్పటి నుంచి మనవడు మోసుకెళ్తున్నాడు. ఈసారి వాడికి కాలు బెణికింది. "డోలీ వాళ్ళు లేరా?" అంది. లేరు, వాళ్ళు శుక్రవారమే వస్తారు.

బాబా ఖాజావలి వైపు చూశాడు. "మూడు వందల పన్నెండు మెట్లు. నాకు మోకాళ్ళు లేవు."

ఖాజావలి లోపల చిన్నబుచ్చుకున్నాడు. ఇంత పెద్ద ప్రశ్న తెచ్చి ముందు పెడితే, ఈయన ముసలామెను చూపిస్తాడేంటి? కానీ గురువు మాట. వంగాడు. ఓబుళమ్మ కర్రను బాబా ఒళ్ళో పడేసి, అతని మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, వీపెక్కింది. వక్కాకు వాసన గుప్పుమంది.

పది మెట్లెక్కాడో లేదో చెవి మీద ఒక్కటిచ్చింది. "ఎడమకు పోరా! ఆడ రాయి కదులుతాది."

నిజంగానే కదిలింది.

"కళ్ళు లేవు గదా జేజీ, ఎట్ల తెలుసు?"

"నలభై ఏండ్లు ఎక్కినా. కండ్లతోనా ఎక్కేది?"

అక్కడి నుంచి ఆమె నోరు ఆగలేదు. ప్రతి మలుపుకూ ఒక కథ. "ఇది నా పెద్దబిడ్డ కడుపులో ఉన్నప్పుడు కూలబడిన మెట్టు. ఈడ మా ఆయన నా మీద అలిగి కిందికి పోయినాడు. పోయినోడు ఊరికే పోయినాడా, బొరుగుల మూట గూడా తీసుకుపోయినాడు! నేను పైన మొక్కుకుంటినే, 'సామీ, ఆయన్ని పంపియ్యకపోయినా పాయె, మూట పంపియ్యి' అని."

ఖాజావలికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు. ఊపిరి ఆడక, బరువు మీద, ఆపుకునేకొద్దీ ఎక్కువైంది. మెట్టు మీద కూలబడ్డాడు. వీపు మీద ముసలామె కూడా కుదేలైంది.

"చంపుతావురా నన్ను!" అంది. కానీ ఆమె కూడా నవ్వుతోంది, పళ్ళు లేని నోరంతా తెరిచి.

అక్కడే కూర్చుని ఆమె కొంగుముడి విప్పి బొరుగులూ బెల్లమూ తీసింది. గుక్కెడు నీళ్ళు తాగారు. అతని నోరు ఎక్కడుందో తడిమి చూసుకుని మరీ ఒక గుప్పెడు పెట్టింది. షమీమ్ తప్ప ఇంకొకరు అతనికి తినిపించి ఎన్నేళ్ళయిందో. నమిలాడు. తియ్యగా ఉంది. ఇంకొంచెం అడిగాడు.

మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టారు. చివరి యాభై మెట్లు నిట్టనిలువు. ఆమె అరచెయ్యి అతని రొమ్ము మీద ఉంది.

"ఏమిరా, లోపల ఎవరన్నా రోకలిపోటు వేస్తాండారా? నా చేతికి తగల్తాంది."

అతను ఇంకో మెట్టెక్కాడు. మాట్లాడే ఊపిరి లేదు.

పైన గాలి జోరుగా ఉంది. పచ్చజెండా పటపటా కొట్టుకుంటోంది. ఆమెను గడప ముందు దించాడు. ఓబుళమ్మ గడపను రెండు చేతులా తడిమి, నుదురు ఆనించింది. తర్వాత తల తిప్పి, "నీ పేరేమన్నావు?" అంది.

"చెప్పలేదు జేజీ. ఖాజావలి."

ఆమె మళ్ళీ గడపకేసి తిరిగింది. ఎదురింటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అంది: "సామీ, ఈ ఖాజావలి ఎవురో నాకు తెలీదు. ఎవురి బిడ్డో తెలీదు. నన్ను మోసినాడు. నాకేమీ ఒద్దు ఈ ఏడు. వానికియ్యి."

ఖాజావలి కిందికి చూశాడు. దూరంగా ఊరు, చెరువు, రోడ్డు మీద చీమలా తన వ్యాను. గాలి చొక్కా ఊపేస్తోంది.

ఓబుళమ్మ చేతులు చాపి అతని మొహం పట్టుకుంది. బొటనవేళ్ళతో చెంపలు తుడిచింది.

"ఏడుస్తాండావేమిరా?"

"లేదు జేజీ, చెమట."

"చెమట నుదుటి మీద గదా ఉండాల. కండ్లలోకి ఎప్పుడు పోయె?"

అతను నవ్వేశాడు. నవ్వుతూ ఏడ్చాడు. ఆమె అతని తల తన భుజానికేసి ఆనించుకుని, పసిపిల్లవాణ్ణి జోకొట్టినట్టు వీపు మీద తట్టింది. "ఊ... ఊ... దిగేటప్పుడు మాత్రం నవ్వద్దు నాయనా. పడితే ఇద్దరమూ ఈడనే సమాధి."

దిగేసరికి మధ్యాహ్నమైంది. ఖవ్వాలీ వాళ్ళు వచ్చి హార్మోనియం విప్పుతున్నారు. ఓబుళమ్మకు కర్ర అందించి ఆటో ఎక్కించాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె ఏదో చెబుతూనే ఉంది, అతను ఊకొడుతూ పక్కనే పరిగెత్తాడు. వెనక్కొచ్చి బాబా ముందు నిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అలాగే నిలబడి నవ్వుతున్నాడు.

బాబా అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"రేపు తాడిపత్రి నుంచి ఒకాయన వస్తాండాడు. డోలీ వాళ్ళు నలుగురున్నా చాలరు, మనిషి కొంచెం లావు." అని చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కున్నాడు. "మాత్ర వేసుకుని రా."