దివానుగారి బుట్టెడు గారెలు

రాజుగారు బ్యాటరీ లారీలు కొన్న కొత్తల్లో చెంగయ్య నడిపే లారీ ఒక్క చార్జింగుతో రేవుదాకా పోయేది. ఏళ్లు గడిచాక సగం దారిలోనే చతికిలబడసాగింది.

"మీటరు నిండుగా చూపించిందిగా! మిగతా కరెంటు నువ్వే అమ్ముకున్నావు," అని దివాను ఎగిరిపడ్డాడు.

"బ్యాటరీ పాతదైపోయింది దొరా. నిండినా మునుపటంత పట్టదు," అని చెంగయ్య చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. దివాను వింటేగా! ఉద్యోగం పీకేశాడు.

కొలువు పోయినవాడు పై అధికారికి విందు పెట్టి మరీ వెళ్లాలన్నది ఆ రాజ్యపు దిక్కుమాలిన ఆచారం. చెంగయ్య పళ్లు నూరుకుంటూ బుట్టెడు గారెలు వండించి దివాను ముందు పెట్టించాడు.

"వయసులో ఉండగా ఇలాంటి బుట్ట ఒక్కణ్ణే ఖాళీ చేసేవాణ్ణి!" అంటూ మొదలెట్టిన దివాను, నాలుగు తినేసరికి ఆయాసపడుతూ, "చాలురా, కడుపు నిండిపోయింది," అన్నాడు.

"బుట్టెడు పట్టే కడుపు నాలుగు గారెలకే నిండిందా? మిగతావి ఎవరికి అమ్ముకున్నారు దొరా?"

"అమ్ముకోవడమేమిట్రా! వయసు మీద పడింది. నిండినా మునుపటంత పట్టట్లేదు!" అని దివాను గయ్యిమన్నాడు.

"నేను మొత్తుకున్నదీ అదే కదా," అంటూ చెంగయ్య లారీ తాళాల కోసం చెయ్యి చాచాడు.