రాజుగారి చేతి పులస

గోదావరి సముద్రంలో కలిసేందుకు కాస్త ముందు, ఏటిగట్టు మీదే కోట కట్టుకున్న ఒకానొక రాజ్యాన్ని ప్రతాప భైరవుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు తన మాటంటే మహా ప్రీతి. అది నెగ్గడం కోసం ఎంత దూరమైనా పోయేవాడు. ఆ దూరం నడిచేది మాత్రం ఎప్పుడూ ఇతరులే.

ఒక వేసవిలో ఆయన కోట వెనక తన కోసమే ఒక చెరువు తవ్వించాడు. చుట్టూ తెల్లరాతి మెట్లు, నడుమ మంటపం, అద్దంలా కదలని నీళ్లు. ఏటిలో దొరికే చేపలన్నీ పట్టించి తెప్పించి అందులో వదిలించాడు.

"ఇక ఇందులో లేని చేప లేదు కదా?" అన్నాడు ఒకనాడు.

"లేదు మహాప్రభో, పులస తప్ప," అన్నాడు మంత్రి గుండన. అనేశాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

పులస సంగతి ఏటి ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అది సముద్రపు చేప. వానాకాలంలో వరదతో వచ్చే ఎర్రనీరు తగలగానే ఏటికి ఎదురీదుతూ పైకి వస్తుంది. వలలో పడ్డాక ఎంతోసేపు బతకదు. నిలవ నీటిలో అసలే బతకదు. ఈ ముక్క రాజుకు చెప్పగలిగినవాడు ఆ కోటలో ఒక్కడూ లేకపోయాడు.

ఎర్రనీరు వచ్చింది. జాలరులు కుండలో ఏటినీళ్లు పోసి, ప్రాణమున్న పులసను పరుగు పరుగున తెచ్చి చెరువులో వదిలారు. పొద్దు నడినెత్తికి రాకముందే అది వెల్లకిలా తేలింది.

రాజు మంత్రిని పిలిచాడు. "నా చెరువు నీళ్లలో ఏమైనా లోపముందా?"

"ఎంత మాట!"

"నేను వేయించే మేతలో?"

"లేనే లేదు ప్రభూ."

"మరెక్కడుంది లోపం?"

గుండనకు చెప్పడానికి ఒక్క జవాబే మిగిలింది. "తెచ్చినవాడి చేతిలో మహాప్రభో."

ఆ మాట శాసనమైపోయింది. ఎవడి చేతి పులస చెరువులో చస్తే వాడికి చెర. తేనన్నవాడికీ చెరే. ఇరవై రోజుల్లో ఐదుగురు జాలరులు చెరసాలకు పోయారు. ఐదోవాడు లోవన్న. వానాకాలం వస్తే ఉబ్బసంతో ఎగపోసే మనిషి.

లోవన్న భార్య మసేనమ్మ రోజూ గంజి కుండతో చెరసాల గుమ్మం దగ్గరికి వెళ్లేది. కుండ పుచ్చుకునేవారు గాని మొగుణ్ణి చూడనివ్వలేదు. "ఆయనకి రాతినేల పడదు బాబూ, ఒక్క చాప ఇవ్వనీండి," అని బతిమాలింది. కాపలావాళ్లు వినలేదు. మంత్రి కాళ్ల మీద పడింది. ఆయన, "శాసనమమ్మా, నేనేం చేయను?" అన్నాడు, అదెవరో వేరేవాళ్లు చేసిన శాసనమైనట్టు. ఇక ఏడ్చి లాభం లేదనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

అంతలో ఏటి అవతలి రాజు చుట్టపుచూపుగా వచ్చాడు. చెరువు చూపించి గొప్పలు చెప్పుకోవాలని భైరవుడి ఆరాటం. సభ నిండుగా ఉన్న వేళ చూసి మసేనమ్మ లోపలికి వచ్చి దణ్ణం పెట్టింది.

"మారాజా, తమరి చెరువులో పులస బతికే ఉపాయం నేను చెబుతాను."

"చెప్పు చెప్పు!"

"మంత్రిగారు నిజమే చెప్పారండి. లోపమంతా చేతిలోనే ఉంది. మావి నీచు కంపు కొట్టే చేతులు. పులసేమో పెద్దింటి చేప. మా చేతులు తగిలిన అవమానానికే చచ్చిపోతోంది. అదే తమరి చెయ్యి తగిలితే, ఎందుకు చస్తుందండీ?"

భైరవుడి ముఖం వెలిగిపోయింది. గుండనకు ఎక్కడో కీడు తోచింది. వంగి, "ప్రభూ, తమరికి ఎందుకీ శ్రమ..." అన్నాడు.

"ఏం? నా చేతి మీద నీకు నమ్మకం లేదా?"

గుండన వెనక్కి జరిగాడు.

"ఒక్క మనవి మారాజా," అంది మసేనమ్మ. "పడవలో నేనూ ఉంటాను, చోటు చూపించాలి కదా. రేపు నా చెయ్యి తగిలిందని ఎవరూ అనకుండా నా చేతులు కట్టించెయ్యండి."

అలాగేనన్నాడు రాజు. మర్నాడు తెల్లవారగానే రాజుగారి పడవ ఏటిలోకి సాగింది. పక్కనే అతిథి, వెనక పరివారం. ముందు కొసన చేతులు కట్టించుకున్న మసేనమ్మ. ఆమె గడ్డంతో చూపించిన చోటల్లా వల వేశారు. నాలుగోసారికి పులస పడింది. భైరవుడు పట్టుబట్టలు తడుపుకుంటూ దాన్ని స్వయంగా వలలోంచి తీశాడు. రెండుసార్లు జారింది, మూడోసారి వెండి గంగాళంలో పడింది. ఆ గంగాళాన్నీ ఆయనే ఎత్తుకుని మెట్లెక్కాడు, ఆయాసపడుతూ, నవ్వుతూ.

వెనకే నడుస్తున్న మసేనమ్మ ఆ గంగాళం కేసే చూసింది. ఒకవేళ బతికితే? పుట్టి బుద్ధెరిగాక ఒక పులస బతుకుతుందేమోనని ఆమె భయపడటం అదే మొదలు.

రాజు గంగాళం వంచాడు. పులస తళుక్కున చెరువులోకి జారి, ఒక చుట్టు చుట్టింది.

"చూశారా!" అన్నాడు భైరవుడు. బాకాలు మోగాయి.

పులస ప్రవాహం కోసం వెతికింది. తూర్పు మెట్ల దాకా పోయి కొట్టుకుంది, పడమటి మెట్ల దాకా వచ్చి కొట్టుకుంది. ఎటు పోయినా ఎదురొచ్చే నీళ్లు లేవు. కాసేపటికి ఒక పక్కకు ఒరిగింది. మరి కాసేపటికి తెల్లటి పొట్ట పైకి తేలింది. బాకాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మసేనమ్మ కట్టిన చేతులు ముందుకు చాచింది.

"మారాజా, ఈ తాడు విప్పించండి. శాసనం ప్రకారం ఇప్పుడిది వేరే చేతులకు కావాలి కదా."

భటులు ఒక అడుగు వెనక్కి వేశారు. గుండన నేల చూపులు చూశాడు. భైరవుడి ముఖం కందగడ్డ అయింది. ఆ క్షణంలో ఆమె తల తెగిపోవలసిందే. కానీ ఏటి అవతలి రాజు పగలబడి నవ్వాడు. కడుపు పట్టుకుని, మంటపం స్తంభానికి ఆనుకుని నవ్వాడు. అతిథి అంతగా నవ్వుతుంటే కోపగించుకున్న రాజు చిన్నబోతాడు. అంచేత భైరవుడూ నవ్వాడు. ఆయన నవ్వాడని సభంతా నవ్వింది.

"తప్పు నీళ్లదే! నా చేతిది కాదు!" అన్నాడు.

"మొదటి పులస నాడు కూడా ఇవే నీళ్లు కదా మారాజా?" అంది మసేనమ్మ.

"గడుసుదానివే!" అని తాడు విప్పించి, తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు. "శాసనం రద్దు! ఆ ఐదుగురినీ విడిచిపెట్టండి!"

ఆమె చెరసాలకు పరుగెత్తింది. తలుపు తీశారు. ఒకరి వెనక ఒకరుగా నలుగురు వెలుగులోకి వచ్చారు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

"ఆయనేడీ?"

కాపలావాడు గోడ వైపు చూస్తూ చెప్పాడు. "మూడు రోజులైందమ్మా. దగ్గు ఎక్కువైంది. కోటకి చుట్టాలొచ్చారని పైవాళ్లు ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నిన్న కూడా గంజి పంపాను కదయ్యా. కుండ ఖాళీగానే వచ్చిందే!"

కాపలావాడు తలుపు గొళ్లెం సర్దసాగాడు.

ఎక్కడ పూడ్చారో చూపించమంది. చూపించారు. చాలాసేపు కూర్చుని, లేచి, ఏటి వైపు నడిచింది. "నీ కంకణం ఇక్కడే మరిచిపోయావమ్మా," అని వెనకనుంచి ఎవరో కేకేశారు. ఆమె తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ పులసను చెరువుకు తేలేదు. భైరవుడు ముసలివాడయ్యేదాకా ప్రతి విందులోనూ ఈ కథ చెప్పి, కళ్లనీళ్లు తిరిగేలా నవ్వేవాడు. ఒక జాలరిదాని గడుసుతనానికి మెచ్చి ఐదుగురినీ విడిచిపెట్టానని చెప్పేవాడు. ఐదుగురు కాదు నలుగురని ఆయనకు ఎవరూ చెప్పలేదు.