చుక్కమ్మ తొమ్మిది చుట్లు

ఎప్పుడని నన్నడగొద్దు. సముద్రం ఇప్పటికన్నా ఇంకో కోసు అవతల ఉన్న రోజులు. అంతే తెలుసు.

ఆ రోజుల్లో గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక లంక ఉండేది. ఆ లంకలో ఆడవాళ్ళందరూ లేసు అల్లేవాళ్ళు. ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ. ఆ రెండింటితోనే పువ్వులు అల్లేవాళ్ళు, ఆకులు అల్లేవాళ్ళు, నెమళ్ళు అల్లేవాళ్ళు.

చేతులు అంత గొప్పవి. మనసులు మాత్రం ఇరుకు. గుమ్మంలో ఎవరైనా కనబడితే చేతిలో లేసు పైటకొంగు కిందకి పోయేది. కూతురికి కూడా నేర్పేవాళ్ళు కాదు, పెళ్ళయితే వేరే ఊరు పట్టుకుపోతుందని. కోడలికి నేర్పేవాళ్ళు, అదీ ముగ్గురు పిల్లలు పుట్టాక. ఈలోపు అత్త పోతే ఆ అల్లిక నమూనా కూడా ఆవిడతోనే పోయేది. అలా ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు.

ఆ లంకలోనే చుక్కమ్మ అని ఒకామె. చేపల వలలు బాగుచేసి బతికేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. చూరు తలకి తగిలేంత చిన్న ఇల్లు, దాని ముందు మట్టి అరుగు. ఆమెకి ఒక్కటే అలవాటు. ఏది కనబడినా ఆగి చూసేది.

ఒకనాడు ఇసుకలో ఒక చిన్న పీత కనబడింది. తన కన్నం చుట్టూ ఇసుకని ఉండలు చేసి వరసలు వరసలుగా పేరుస్తోంది. చుక్కమ్మ పొద్దువాలేదాకా చూసింది. ఇంటికొచ్చి అల్లింది. నడుమ ఒక కన్నం, చుట్టూ కిరణాల్లా దారపు ముత్యాలు. అలాంటి లేసు అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఎదురింటి పైడమ్మ చూసింది. "ఒసే చుక్కా, ఇదెక్కడ నేర్చావే?"

"ఎక్కడా నేర్వలేదత్తా. చూశాను, అల్లాను."

"నాకు చెబుతావా?"

"కూర్చో."

పైడమ్మ అటూ ఇటూ చూసింది. "ఎండదెబ్బ గానీ తగిలిందా ఏంటే నీకు?" అంది. అంటూనే కూర్చుంది.

రెండోసారి అరటిబోదె. దాన్ని అడ్డంగా కోస్తే లోపల గళ్ళు గళ్ళుగా ఉంటుంది, గళ్ళ మధ్య సన్నని నారలు సాగుతాయి. మనమూ కోస్తాం, కూర వండుకుంటాం, ఆ గళ్ళు చూడం. చుక్కమ్మ చూసింది. అల్లింది. ఈసారి వీధి వీధంతా వచ్చింది. "ఇదెలా వచ్చింది చుక్కక్కా?" "చూశాను, అల్లాను. కూర్చోండి."

ఈ మాట మునసబుగారి భార్య సుభద్రాయమ్మ చెవిన పడింది. చుక్కమ్మని పిలిపించింది.

"ఇకనుంచి నువ్వు ఏం కనిపెట్టినా నాకే చెప్పు. ఇంకో మనిషికి చెప్పకు. ఏడాది పొడుగునా తిండిగింజలు నేను పంపిస్తాను."

"అమ్మగారూ, పీత నన్నేమీ అడక్కుండానే చూడనిచ్చింది. అరటిబోదె కూడా అంతే. ఊరికే వచ్చినదాన్ని గింజలకి ఎలా ఇస్తాను? మీరూ రండి. అరుగుమీద కూర్చోండి. చెబుతాను."

"నేనా! నీ అరుగుమీదా!" అని సుభద్రాయమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మూడోసారి నురగ. అల వచ్చి వెనక్కి వెళ్ళిపోయాక ఇసుకమీద నురగ మిగులుతుంది. చూస్తుండగానే ఒక్కొక్క బుడగా చితికిపోతుంది. అది చితికేలోపు చూడాలి. చుక్కమ్మ మూడు నెలలు రోజూ వెళ్ళి చూసింది. ఇంకో మూడు నెలలు అల్లింది. తొమ్మిది చుట్ల లేసు. మంచం మీద పరిస్తే, ఊదితే పోతుందేమో అన్నట్టుండేది.

అది ముగిసిన వారానికే ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మంచం పట్టింది. ఆమె దగ్గర నేర్చుకునే ఆడవాళ్ళందరూ వచ్చారు.

"ఇదెలా అల్లావో చెప్పు అక్కా."

"తొమ్మిది చుట్ల లెక్క నా వేళ్ళకే తెలుసు, నోటికి రాదు. విప్పండి."

అందరూ గుండెలు బాదుకున్నారు. పైడమ్మ కేకలేసింది. "విప్పడమా! ఉన్నది ఒక్కటే! గుళ్ళో అమ్మవారికి కప్పుదామే."

"కప్పితే దణ్ణం పెట్టుకుంటారు. విప్పితే నేర్చుకుంటారు. తలా ఒక చుట్టు విప్పండి. ఎవరు విప్పిన చుట్టు వాళ్ళు గుర్తుపెట్టుకోండి." అని లెక్కపెట్టింది. "ఎనిమిదిమందే ఉన్నారు. అమ్మగారిని పిలవండి."

"ఆవిడనా?"

"ఆవిడనే."

సుభద్రాయమ్మ వచ్చింది. అరుగు ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడింది. లేసు విప్పితే చివర అల్లింది ముందు ఊడుతుంది. మొదట పైడమ్మ బయటి చుట్టు విప్పింది. ఆ తరవాత ఒక్కొక్కరే విప్పుకుంటూ వచ్చారు. ఆఖరికి బొత్తామంత ముక్క మిగిలింది. అదే మొదటి చుట్టు. సుభద్రాయమ్మ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, "ఇంటికెళ్ళి విప్పుకుంటాను" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఎనిమిదిమందీ ఆ మొదటి చుట్టు లేకుండా తమంతట తామే మొదలుపెట్టారు. నడుమ ఆరు గొలుసు కుట్లతో మొదలుపెడితే లేసు గిన్నెలా ముడుచుకుంది. ఎనిమిదితో పెడితే తమలపాకు అంచులా వంకర్లు పోయింది. ఏడుతో పెడితే నడుమ కన్నం నోరు తెరిచింది. మూడుసార్లు మునసబుగారింటికి వెళ్ళారు. ఒకసారి పూజలో ఉన్నారన్నారు. ఒకసారి పడుకున్నారన్నారు. ఒకసారి తలుపే తీయలేదు.

చుక్కమ్మ రోజూ అడిగేది. "అయిందా? ఒక్కసారి ఎడంచేత్తో తడిమి చూస్తాను."

"లేదక్కా. మొదటి చుట్టు ఒక్కటీ చెప్పు. ఒక్కటేగా, నోటికి రాదా?"

"వస్తుంది. కానీ అది అమ్మగారిది."

"ఆవిడ ఇవ్వదే!" అంది పైడమ్మ.

"ఇచ్చేశాను కదత్తా. ఇచ్చినదాన్ని వెనకనుంచి లాక్కోమంటావా? అడగండి."

వింటున్నవాళ్ళకి చుక్కమ్మ మీద కోపం రావచ్చు. ఆనాడు వాళ్ళకీ వచ్చింది. కానీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఎవరి సంగతి వాళ్ళు చూసుకోవాలి.

చుక్కమ్మ అలా అడుగుతూ అడుగుతూనే పోయింది. లేసు ఆమె చేతికి తగల్లేదు.

మట్టి చేసి వచ్చిన రోజునే పైడమ్మ తడిచీరతో మునసబుగారి వాకిట్లోకి వెళ్ళింది. ఈసారి ఎవరినీ అడగలేదు, బయటినుంచే గట్టిగా చెప్పింది. "చుక్క పోయింది. ప్రాణం పోయేదాకా అడిగాం. అది మీదేనంది. చెప్పకుండానే పోయింది. ఇక దాచుకోండి."

సుభద్రాయమ్మ లోపలినుంచి విన్నది. పెట్టెలోంచి ఆ ముక్క తీసింది. ఆమె దాన్ని ఏనాడో విప్పి నేర్చుకుంది, మళ్ళీ అల్లింది కూడా. రెండో చుట్టు ఏమిటో తెలియక అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె కాపలా కాసింది ఒక బొత్తానికి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, గొడుగైనా లేకుండా నడుచుకుంటూ వచ్చి చుక్కమ్మ అరుగుమీద కూర్చుంది.

"పీట వెయ్యమంటారా అమ్మగారూ? మట్టి అంటుతుందేమో," అంది పైడమ్మ.

"అంటనీ. సూది ఇవ్వు."

అందరూ మెడలు చాపి చూశారు. సుభద్రాయమ్మ గొలుసు కుట్టు వెయ్యలేదు. దారాన్ని వేలికి చుట్టి, లోపలినుంచి తిప్పి, బిగించింది.

"వలముడి!" అంది పైడమ్మ. "రోజూ మనందరం చిరిగిన వలకి వేసే ముడే కదర్రా ఇది! మన చేతుల్లోదే!"

ఎవరూ నవ్వలేదు. సుభద్రాయమ్మ మొదటి చుట్టు ముగించి పక్కామెకి ఇచ్చింది. ఆమె రెండోది వేసి ఆ పక్కామెకి ఇచ్చింది. ఎవరి చుట్టు వంతు వస్తే వాళ్ళు గట్టిగా చెబుతూ అల్లారు, అందరూ విన్నారు. అలా ఎన్నాళ్ళు కూర్చున్నారో గానీ, ఒకనాటి పొద్దువాలే వేళకి తొమ్మిదో చుట్టు ముగిసింది. ముడుచుకోలేదు, వంకర పోలేదు. దాన్ని తీసుకెళ్ళి ఖాళీ మంచం మీద పరిచారు.

ఆ లంకలో ఆ లేసుని ఇప్పటికీ చుక్కమ్మ నురగ అంటారు. అక్కడ ఏ ఆడమనిషీ కొత్త లేసు తనంతట తాను మొదలుపెట్టదు. దారం, సూది పట్టుకుని ఇంకొకరి గుమ్మంలోకి వెళుతుంది. అదీ ఎవరితో మాటలు లేవో వాళ్ళ గుమ్మంలోకే. "మొదటి చుట్టు వెయ్యి" అని చెయ్యి చాపుతుంది.

వెయ్యనన్నవాళ్ళు ఇంతవరకూ లేరట.